బెట్టను తెల్లవారి ఆకులో చూడాలి

సంపాదకులు గారికి,

వానాకాలంలో పది పదిహేను రోజులు మొగులు ముఖం చాటేస్తే ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పేజీల్లో రెండు విషయాలు తప్పక కనిపిస్తాయి. ఒకటి మండలాల వారీగా లోటు వర్షపాతం శాతం, రెండోది తలవాల్చిన పత్తి చేను ఫొటో. రెండూ నిజమే. కానీ ఆ రెండూ చూసి రైతు మరునాడు చేనులో ఏం చేయాలో తేల్చుకోలేడు. లోటు శాతం జూన్ 1 నుంచి కురిసిన మొత్తానికి కట్టిన లెక్క. ఈ రోజు వేరు చుట్టూ ఎంత పదును (మట్టిలో తేమ) మిగిలిందో అది చెప్పదు. ఫొటో సాధారణంగా పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు తీసింది. ఆ వేళ నిన్న తడి పెట్టిన పత్తి కూడా కొంత వాలుతుంది. మొక్క బెట్టను, అంటే వాన ఎడంలో వచ్చే నీటి కొరతను, కణం స్థాయిలో ఎట్లా ఎదుర్కొంటుందో తెలిస్తే ఏ రోజు భయపడాలో, ఏ రోజు ఆగాలో, ఉన్న ఒక్క తడి ఎప్పుడు పెట్టాలో తేలుతుంది. ఆ సంగతులు మీ వ్యవసాయ పేజీలో రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

లేత ఆకును నిలబెట్టేది కణంలోని నీరే. నీళ్లు నిండిన ఆకు కణంలో గోడ మీద పడే ఒత్తిడి 5 నుంచి 10 బార్లు ఉంటుంది. కారు టైరులో కొట్టే గాలి సుమారు 2 బార్లు మాత్రమే. కొత్త కణం పెద్దది కావాలంటే ఈ ఒత్తిడే దాని గోడను లోపలి నుంచి సాగదీయాలి. అందుకే పదును తగ్గినప్పుడు అన్నిటికంటే ముందు ఆగేది పెరుగుదల. ఆకు ఇంకా వాలదు, పచ్చగానే ఉంటుంది, పిండిపదార్థం తయారీ కూడా సాగుతూనే ఉంటుంది. కానీ కొత్తగా వచ్చే ఆకు చిన్నదవుతుంది, కణుపుల మధ్య దూరం కురచవుతుంది. పత్తిలో దీన్ని లెక్కపెట్టి చూడవచ్చు. ప్రధాన కాండానికి దగ్గరగా, కొమ్మ మొదటి కణుపు మీద విచ్చిన తెల్ల పువ్వుల్లో అన్నిటికంటే పైదాన్ని పట్టుకొని, దాని పైన కొన వరకు ఎన్ని కణుపులున్నాయో ఎంచాలి. పూత మొదట్లో 8 నుంచి 10 ఉండాలి. అది త్వరత్వరగా 5కు దిగితే మొక్క పైకి పెరగడం ఆపేసిందని అర్థం. ఆకు వాలకముందే ఈ లెక్క బెట్టను పట్టిస్తుంది. ఇరవై మొక్కల్లో లెక్కపెట్టడానికి పావుగంట చాలు.

తరువాతి మెట్టు ఆకు మీది రంధ్రాలది. ఒక్కో పత్రరంధ్రానికి రెండు కణాలు కావలి ఉంటాయి. వాటిలో నీరు నిండితే వంగి మధ్యలో సందు తెరుచుకుంటుంది, నీరు పోతే మూసుకుంటుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి రావడానికి, నీటి ఆవిరి బయటికి పోవడానికి ఉన్నది ఆ ఒక్క దారే. లోపలికి వచ్చే ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకు కొన్ని వందల నీటి అణువులు బయటికి పోతాయి. మట్టి ఆరడం మొదలవగానే వేళ్లలోను, ఆకు ఈనెల దగ్గర కూడా అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ తయారీ పెరుగుతుంది. మన పత్తి రైతులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఈ హార్మోన్‌ను 1963లో అమెరికాలో ఫ్రెడరిక్ అడికాట్ బృందం వేరుచేసింది పత్తి లేత కాయల నుంచే. కాయను రాల్చే పదార్థం ఏదని వెతుకుతుంటే అది దొరికింది. రాల్చే పనిలో ఎక్కువ వంతు ఎథిలీన్ అనే మరో హార్మోన్‌దని, దీని అసలు పని బెట్టను తట్టుకోవడమని తరువాత తేలింది.

కణం ఈ హార్మోన్‌ను ఎట్లా గుర్తుపడుతుందో 2009లో గాని స్పష్టం కాలేదు. మామూలు రోజుల్లో కావలి కణంలో ఒక ఎంజైమ్ మరో ఎంజైమ్‌ను కదలనీయకుండా నొక్కిపట్టి ఉంచుతుంది. హార్మోన్ వచ్చి తన గ్రాహక ప్రొటీన్‌లో ఇమడగానే, ఆ ప్రొటీన్ నొక్కిపడుతున్న మొదటి ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. విడుదలైన రెండో ఎంజైమ్ కణపొరలోని దారులను చెరువు తూము లేపినట్టు తెరుస్తుంది. ముందు క్లోరైడ్, మాలేట్ అనే పదార్థాలు బయటికి పోతాయి, వాటి వెనక పొటాషియం, పొటాషియం వెంట నీరు. కావలి కణాలు చప్పబడి రంధ్రం మూసుకుంటుంది. ఇదంతా కొన్ని నిమిషాల పని.

ఈ గొలుసులో పొటాషియం ఎక్కడుందో చూడండి. రంధ్రం తెరుచుకోవాలన్నా, మూసుకోవాలన్నా అది కదలాలి. పొటాష్ (పొటాషియం ఎరువు) తక్కువైన మొక్కలో రంధ్రాలు మందకొడిగా పనిచేస్తాయి, మూసుకోవలసిన వేళ సరిగా మూసుకోవు. డీఏపీ, యూరియా వేసి పొటాష్ వదిలేసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. హైబ్రిడ్ పత్తికి ఎకరాకు 24 కిలోల పొటాష్ సిఫారసు, అంటే ఆ పోషకం అందించే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఎరువు 40 కిలోలు. దాన్ని 20, 40, 60, 80 రోజుల వయసులో యూరియాతో పాటు 10 కిలోల చొప్పున పదును ఉన్నప్పుడు వేయాలి. బెట్ట వచ్చాక వేస్తే అక్కరకు రాదు. అంతకు ముందే కణాల్లో చేరి ఉండాలి.

రంధ్రం మూసుకోవడం ఉచితంగా జరిగే పని కాదు. ఆవిరి పోకపోతే ఆకు చల్లబడదు, మధ్యాహ్నం చుట్టూ గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది. కార్బన్ డయాక్సైడ్ రాదు గాని ఎండ మాత్రం ఆకు మీద పడుతూనే ఉంటుంది. వాడుకోవడానికి వీలులేని ఆ శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లి సూపర్ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతాయి. ఇవి కణపొరలను, పత్రహరితాన్ని కాల్చేస్తాయి. వాటిని ఆర్పే ఎంజైమ్‌లు మొక్కలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైన ఒక రకానికి రాగి, జింకు కావాలి, మరికొన్నిటికి ఇనుము, మాంగనీసు కావాలి. జింకు లోపమున్న చేనులో బెట్ట నష్టం ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. మధ్యాహ్నం మక్క ఆకు గొట్టంలా చుట్టుకోవడం, పల్లి ఆకులు ముడుచుకోవడం, సోయా ఆకు తిరగబడి తెల్లని అడుగు భాగం చూపడం ఇవన్నీ ఎండ తక్కువ తగిలేలా మొక్క చేసుకునే ఏర్పాటు. ఆ వేళ వాటిని చూసి చేను పోయిందనుకోవద్దు.

ఇంకో రక్షణ నెమ్మదిగా తయారవుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగుతుంది, ఎందుకంటే నీరు ఉప్పు ఎక్కువున్న వైపు పోతుంది. మొక్క ఇదే సూత్రాన్ని కణం లోపలికి వాడుకుంటుంది. ప్రొలీన్ అనే అమైనో ఆమ్లం, చక్కెరలు, పొటాషియం కణంలో కూడబెట్టుకొని, ఆరిన మట్టి నుంచి కూడా నీటిని లాక్కునే శక్తి పెంచుకుంటుంది. పత్తి ఇదే పని చేసే గ్లైసిన్ బీటైన్ అనే పదార్థం కూడా కూడబెడుతుంది. వరికి ఆ సామర్థ్యం లేదు. ఈ పనిలో జొన్న గట్టిది. నీరు తగ్గినప్పుడు ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కొని పాడవకుండా కాపాడే ప్రత్యేక ప్రొటీన్లు కూడా ఇప్పుడే తయారవుతాయి. వీటన్నిటికీ రోజులు పడతాయి. మట్టి మెల్లగా ఆరితే మొక్కకు ఆ రోజులు దొరుకుతాయి, ఉన్నపళంగా ఆరితే దొరకవు.

ఒకే విత్తనం నల్ల రేగడిలో నిలిచి ఇసుక దుబ్బలో ఎండిపోయేది ఇందుకే. లెక్క వేసి చూద్దాం. ఒక మీటరు లోతు మట్టి మొక్కకు ఇవ్వగలిగే నీరు సుమారుగా దుబ్బ నేలలో 60 నుంచి 80 మి.మీ., ఎర్ర చల్కలో 100 నుంచి 120, బరువైన రేగడిలో 150 నుంచి 200. వేళ్లు 45 సెంటీమీటర్ల లోతుకు పోయాయనుకుంటే చేతికి వచ్చేది అందులో సగం కంటే తక్కువ. అందులోనూ సగం వాడుకునే వరకే మొక్క తేలిగ్గా లాగుతుంది. నిండుగా కమ్ముకున్న చేను రోజుకు సుమారు 5 మి.మీ. తాగుతుంది. అంటే మంచి వాన పడ్డాక దుబ్బలో మూడో రోజుకు, చల్కలో అయిదో రోజుకు, రేగడిలో ఎనిమిదో రోజుకు బెట్ట మొదలవుతుంది. పది రోజులు వాన లేదంటే దుబ్బలో పంట వారం నుంచి ఇబ్బంది పడుతున్నట్టు, రేగడిలో ఇప్పుడిప్పుడే మొదలైనట్టు. మండలం మొత్తానికి ఒకే శాతం ఇస్తే ఈ తేడా అంతా మాయమవుతుంది. పైగా వాతావరణ శాఖ లెక్కలో 2.5 మి.మీ. పడినా అది వాన పడిన రోజే. ఆరిన రేగడిలో ఆ వాన అంగుళం లోతుకు కూడా దిగదు.

ఇక చేనులో చూడవలసిన పరీక్ష. రాత్రంతా రంధ్రాలు మూసుకొని ఉంటాయి గనుక మొక్క మట్టి నుంచి నీరు లాక్కొని కోలుకుంటుంది. తెల్లవారేసరికి ఆకులోని నీటి పరిస్థితి, వేరు చుట్టూ మట్టిలోని పరిస్థితి దాదాపు సమానమవుతాయి. కాబట్టి పొద్దు పొడవకముందు, సుమారు 5:30 గంటల వేళ చేనుకు పోవాలి. గట్టు మీద నిలబడి చూడొద్దు, గట్టు పక్క మొక్కల వేళ్లకు అదనపు నేల దొరుకుతుంది. ఇరవై సాళ్లు లోపలికి నడిచి, పై నుంచి మూడో నాలుగో ఆకు చూడాలి. ఆకు నిటారుగా, మక్క ఆకు విచ్చుకొని ఉంటే నిన్న మధ్యాహ్నం ఎంత వాలినా కంగారు లేదు. ఆ వేళ కూడా వాలి ఉంటే, చుట్ట విప్పకుండా ఉంటే వేరు మండలంలో నీరు అయిపోయిందన్నమాట. అప్పుడు గడ్డపారతో జానెడు లోతున ఒకసారి, మూరెడు లోతున ఒకసారి మట్టి తీసి పిడికిట్లో బిగించాలి. చల్క, రేగడి మట్టి ముద్దగా నిలిస్తే ఇంకా పదును ఉంది. పొడిపొడిగా రాలితే లేదు. దుబ్బ మట్టి ముద్ద కాదు గనుక అరచేతికి తడి అంటుతుందో లేదో చూడాలి. పైన పొడిగా ఉండి మూరెడు లోతున తడి ఉంటే మరో రెండు మూడు రోజులు ఆగవచ్చు. ఒక్క జాగ్రత్త. పక్క మొక్కలు నిటారుగా ఉండి అక్కడక్కడా కొన్ని మాత్రమే వాలితే అది బెట్ట కాదు, వేరుకుళ్లు కావచ్చు. పీకి వేరు బెరడు చూడాలి.

మిరుగులో (మృగశిర కార్తెలో) వేసిన పత్తి 20, 30 రోజుల వయసులో కొద్దిపాటి బెట్ట చూస్తే మేలే. ఆకు పెరుగుదల ఆగినా వేరు కొన ఆగదు. అక్కడి కణాలు చక్కెరలు, ప్రొలీన్ కూడబెట్టుకొని గోడను మెత్తగా ఉంచుకొని కిందికి సాగుతాయి. ఆ వయసులో రెండు మూడు రోజులకోసారి పైపైన తడిపితే వేళ్లు పై జానెడులోనే ఉండిపోయి, పూత దశలో వచ్చే అసలు బెట్టకు మొక్క దొరికిపోతుంది. గుంటుక తోలి పై మట్టిని పొడి చేసి, పగుళ్లు పూడ్చి, కలుపు తీస్తే చాలు.

అసలు బెట్ట అని ఎందుకంటున్నానంటే, ఆకు పోతే మళ్లీ వస్తుంది, పుప్పొడి పోతే రాదు. వరిలో వెన్ను బయటపడటానికి సుమారు 10, 12 రోజుల ముందు, చిరుపొట్టలో పుప్పొడి కణాలు తయారవుతాయి. అప్పుడు నీరు తగ్గితే చక్కెరను విడగొట్టి పుప్పొడికి అందించే ఎంజైమ్ పని తగ్గిపోతుంది. పుప్పొడిలో పిండి నిండదు, గింజ తాలవుతుంది. మరునాడే కాలువ నిండా నీళ్లు వచ్చినా ఆ గింజ కట్టదు. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ చివరి భూములకు వంతుల వారీగా నీరు వదిలేటప్పుడు నీరు ఆగే రోజులు ఈ దశ మీద పడకుండా చూడటం మిగతా అన్ని జాగ్రత్తలకంటే ముఖ్యం. మక్కలో ఇబ్బంది వేరే రకం. కంకి కొనన వచ్చే పీచు సాగడమంటే కణాలు సాగడమే, దానికి నీటి ఒత్తిడి కావాలి. పుప్పొడి రాలడం మొదలయ్యాక ఒకటి నుంచి మూడు రోజుల్లో పీచు రావాలి. బెట్టలో మగపూత వేళకే వస్తుంది, పీచు వారం ఆలస్యమవుతుంది. అప్పటికి పుప్పొడి అయిపోయి ఉంటుంది. కంకి పైకి నిండుగా కనిపించినా ఒలిస్తే గింజలు అక్కడొకటి ఇక్కడొకటి ఉంటాయి. మక్కకు ఒక్కటే తడి పెట్టగలిగితే మగపూత బయటపడే వేళే పెట్టాలి. పత్తి ఈ రెండింటికంటే సర్దుకుపోతుంది. గూడ (పూమొగ్గ), పది రోజుల లోపు పిందె రాల్చేసి, పది పన్నెండు రోజులు దాటిన కాయలను మోస్తుంది. తరువాత వాన పడితే మళ్లీ పూస్తుంది.

గూడ రాలుతోందని బెట్టలోనే ఎన్ఏఏ అనే, రాలడం ఆపే హార్మోన్ మందు కొట్టించడం మన దగ్గర మామూలైపోయింది. మోయలేని బరువును మొక్క దించుకుంటున్న వేళ అది దించకుండా పట్టి ఉంచడం వల్ల ఉన్న కాయలే చిన్నవవుతాయి. మట్టిలో పదును వచ్చాకే కొట్టాలి. 4.5 శాతం మందును 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. మించకూడదు. మోతాదు పెరిగితే అదే ఎథిలీన్‌ను పుట్టించి రాలడాన్ని ఎక్కువ చేస్తుంది.

తడి ఎంత పెట్టాలన్నది కూడా అంచనా మీద పోతోంది. ఎకరం మీద 1 మి.మీ. నీరంటే 4,047 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్ ఎకరమంతా పారిస్తే 1.2 మి.మీ. మాత్రమే, పూటలో ఆరిపోతుంది. అదే నీరు 90 బై 60 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న సుమారు 7,500 లేత పత్తి మొక్కల మొదళ్లలో పోస్తే మొక్కకు అర లీటరుకు పైగా అందుతుంది, నెల లోపు మొక్క దానితో కొన్ని రోజులు నిలుస్తుంది. పూత మీదున్న పంటకు కనీసం 20 మి.మీ. తడి కావాలి, అంటే ఎకరాకు 81,000 లీటర్లు. బోరు చాలకపోతే సాలు విడిచి సాలు పారించాలి. ఆరిన వైపు వేళ్ల నుంచి అబ్సిసిక్ ఆమ్లం పైకి పోయి రంధ్రాలను సగం మూయిస్తుంది, తడిసిన వైపు వేళ్లు నీరు అందిస్తాయి. మొక్క తక్కువ ఖర్చు చేస్తూ బతుకుతుంది. తరువాతి తడి వదిలేసిన సాళ్లకు పెట్టాలి.

బెట్టలో చేయకూడని పనులకు కారణం కూడా కణంలోనే ఉంది. ఆరిన మట్టిలో యూరియా, పొటాష్ మొక్క మొదలు దగ్గర చల్లితే మామిడి ముక్కకు ఉప్పు పట్టించినట్టే, వేరు నుంచి నీరు బయటికి లాగుతుంది. కలుపు మందు కొడితే కలుపు చావదు, ఎందుకంటే దాని ఆకు మీది మైనం పొర మందమై, లోపల సరఫరా మందగించి ఉంటుంది. పంట మొక్క మాత్రం తన మీద పడ్డ మందును విరగ్గొట్టుకోలేక మాడుతుంది. పోషకాలు పిచికారీ చేయాలనుకుంటే లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్, అంటే 20 లీటర్ల ట్యాంకుకు 200 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల ద్రావణం చాలు. లేదా లీటరుకు 20 గ్రాముల యూరియా. రెండూ కలపొద్దు, వాటిలో పురుగు మందులు కూడా కలపొద్దు. ఉదయం 9 లోపు లేదా సాయంత్రం 4 తరువాత కొట్టాలి. మధ్యాహ్నం కొడితే చుక్కలోని నీరు ఆరి ఉప్పు చిక్కబడి ఆకు అంచులు కాలతాయి. తెల్లవారి కూడా ఆకు లేవని చేనులో ఏ పిచికారీ పనిచేయదు. నీటికి బదులు నిలిచే మందంటూ లేదు. బెట్టకు మందని ఎవరు అమ్మినా సీసా మీద ఏ పదార్థం ఎంత శాతం ఉందో చదవకుండా కొనవద్దు.

కొత్త విత్తనాల మీద ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. మన రైతులకు బాగా తెలిసిన ఎంటీయూ 1010 వరిలో డీఎస్‌టీ అనే జన్యువును సవరించి ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసిన పూసా డీఎస్‌టీ రైస్ 1ను 2025 మే 4న కేంద్రం ప్రకటించింది. ఆ జన్యువు మామూలుగా పత్రరంధ్రాలు మూసుకోకుండా అడ్డుపడుతుంది. దాన్ని పనిచేయకుండా చేస్తే రంధ్రాలు త్వరగా మూసుకుంటాయి. నీటి ఖర్చు తగ్గుతుంది గాని చిరుపొట్టలో నీళ్లు అక్కర్లేదని కాదు. ఆ వార్తలు రాసేటప్పుడు ఈ మాట కూడా రాయాలని కోరుతున్నాను.

మీకు మరో విన్నపం. వాన ఎడం వచ్చినప్పుడు లోటు శాతం పక్కనే ఇవి కూడా ఇవ్వండి: చివరిసారి 20 మి.మీ. దాటిన వాన ఏ రోజు పడింది, ఆ మండలంలో దుబ్బ, చల్క, రేగడి నేలలు ఏ ఊళ్లలో ఎక్కువ, అక్కడ పత్తి, మక్క, వరి ఈ వారం ఏ దశలో ఉన్నాయి. పంట దశ రైతు వేదికల్లోని వ్యవసాయ విస్తరణ అధికారుల దగ్గర దొరుకుతుంది. ఏ దశకు ఏ సలహా అన్నది వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగవచ్చు. ఫొటో తెల్లవారి తీయించండి.

వాన పడిన రోజు రాయవలసినది కూడా ఒకటుంది. ఎక్కువ రోజులు ఆరిన నేల ఒక్కసారిగా నిండి, మరునాడే ఎండ కాస్తే కాయ బరువు మీదున్న పత్తి కొన్ని గంటల్లోనే తోటకూరలా వాలిపోతుంది. వేళ్లకు గాలి ఆడక నీరు లాగలేకపోవడం వల్ల ఇట్లా జరుగుతుంది. దీన్ని పారావిల్ట్ అంటారు. ఇది తెగులు కాదు, పక్క మొక్కకు అంటదు. చేయవలసింది ఆ పూటే సాళ్ల మధ్య కాలువ తీసి నీటిని చేను దాటించడం, మట్టి కాలు మోపేంత ఆరగానే మొదళ్ల దగ్గర పైపైన కదిలించి గాలి ఆడనీయడం. 

ఇట్లు,
వృక్ష శరీరధర్మ శాస్త్రం బోధించే ఒక అధ్యాపకుడు,
హనుమకొండ